మందు కొట్టిండు

నాకు కోపం ఎక్కువ. శంషాబాద్ బస్టాండు దగ్గర ఆటోవాళ్లలో ఎవరిని అడిగినా ఇదే మాట చెప్తారు. ముష్తాక్ బండెక్కితే తొందరగా చేరుతావు గాని దారంతా వాడి తిట్లు వినాలి అంటారు. నా భార్య జకియా అయితే నా నోటికి కూడా బ్రేకులు వేయించమని మెకానిక్కుకు చెప్తానంటుంది. సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు సంగతి పూర్తిగా వినండి. నేను ఎవరెవరి మీద అరిచానో, అందులో ఎంత న్యాయముందో మీరే చెప్పండి.

రెండువేల పన్నెండు. దీపావళి ఇంకో వారం ఉంది. పత్తి పగిలే రోజులు. పాలమాకుల దాటాక లోపలికి ఓ పదెకరాలు కౌలుకు తీసుకొని ఒక కంపెనీ పత్తి వేసింది. మనుషులు కాదు, మిషనే పత్తి ఏరుతుందని పెద్దవాళ్లను పిలిచి చూపిస్తారట. చెట్టుకు ఆకు ఉంటే మిషను ఆకునూ పత్తినీ కలిపి లాగేస్తుంది. అందుకని కాయలు పగిలాక ఒక మందు కొడతారు. పది రోజుల్లో ఆకంతా రాలిపోయి చెట్టుకు పత్తి మాత్రం మిగులుతుంది. ఆ మందు కొట్టే పనికి కుదిరినవాడు మా కుర్మయ్య.

మా కుర్మయ్య అని ఎందుకన్నానంటే, వాళ్ల పొలానికీ మా మామ పొలానికీ ఒకటే గట్టు ఉండేది. రెండూ ఎయిర్‌పోర్టు కింద పోయాయి. ఆ తర్వాత నేను ఆటో పట్టుకున్నాను, ఆయన వేరేవాళ్ల పొలాల్లో మందు కొట్టే పని పట్టుకున్నాడు. ఆయనా, ఆయన భార్య శివమ్మా రోజూ పొద్దున నా బండిలోనే పనికి పోతారు. ఆయన వీపుకు పంపు తగిలించుకుంటే ఆమె నీళ్లు మోసుకొచ్చి పోస్తుంది.

ఆ రోజు పొద్దున కూడా నేనే దించాను. పొలం దగ్గరి షెడ్డులో ఒక సంచి వేలాడుతోంది. రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, మూతికి కట్టుకునేది, అన్నీ అందులో మడతపెట్టి ఉన్నాయి.

"గవి ఎందుకు తొడుక్కోవు అన్నా?" అని అడిగాను.

కుర్మయ్య నవ్వాడు. "మొన్న అరవింద్ సారు తొడిగిచ్చి ఫొటో తీసిండు. ఫొటో అయినంక విప్పి సంచిల పెట్టుమన్నడు. పెద్ద సార్లు వచ్చేటాలకు ఖరాబు గావద్దంట."

అరవింద్ అంటే ఆ కంపెనీ తరఫున పొలం చూసుకునే కుర్రాడు. వారానికి రెండుసార్లు మోటారు సైకిలు మీద వస్తాడు.

"మరి మందు గదా అన్నా, జర పైలం."

"గిది పురుగు మందు గాదు ముష్తాక్. ఆకు మందు. ఆకు రాలగొడ్తది గంతే. దీనికి పురుగు గూడ సావదంట, మనిషికేమైతది?"

నాకూ ఆ మాట సబబుగానే అనిపించింది. పురుగు మందు గురించి ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. డబ్బా మీద పుర్రె బొమ్మ చూస్తే భయపడతాం. ఈ డబ్బా మీద పచ్చటి పత్తి చెట్టు బొమ్మ ఉంది. మిగతాదంతా చీమల వరసలాంటి ఇంగ్లీషు. నేను బండి తిప్పుకొని బస్టాండుకు వచ్చేశాను.

పన్నెండు దాటాక శివమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, జల్ది రా. మీ అన్న కూలవడ్డడు." ఇంకేం చెప్పలేదు. ఎయిర్‌పోర్టుకు పోవాల్సిన ఒకాయన అప్పుడే పెట్టె ఎక్కిస్తున్నాడు. ఆయన్నీ పెట్టెనూ దించేసి బయల్దేరాను. ఆయన వెనకనుంచి ఏదో అన్నాడు, నేనూ ఏదో అన్నాను.

పోయేసరికి కుర్మయ్య గట్టు మీద కూర్చొని ముందుకు వంగి ఉన్నాడు. నోటినుంచి చొంగ కారుతోంది, ముక్కు కారుతోంది, కళ్లవెంట నీళ్లు. ఒళ్లంతా ఒకటే చెమట. రెండుసార్లు వాంతి అయిందట. పంపు మూతకు ఉండే రబ్బరు అరిగిపోయి పొద్దుటినుంచి మందు కారుతూనే ఉందట. అంగీ వీపుకు అతుక్కుపోయింది. పాడైపోయిన ఎల్లిగడ్డ వాసన కొడుతోంది. "తడి తలుగుతున్నది, విప్పి జర ఆరబెట్టు అంటే, ఎండల సల్లగ ఉన్నది, ఉండనీ అన్నడు" అని శివమ్మ చెప్పింది.

బోరు పది అడుగుల దూరంలో ఉంది. నీళ్లు పోతున్నాయి. ఆ పది అడుగులు ఆయన్ని నడిపించి, అంగీ విప్పి, సబ్బు రుద్ది కడిగి ఉంటే సగం విషం అక్కడే పోయేదని తర్వాత దవాఖానలో చెప్పారు. మాకేం తెలుసు? ఎత్తి ఆటో వెనక సీట్లో పడుకోబెట్టాను. ఆయన సీటంతా పరుచుకున్నాడు. శివమ్మ ముందుకొచ్చి నా పక్కన అంచు మీద కూర్చుంది, మెడ తిప్పి వెనక్కే చూస్తూ.

శంషాబాద్‌లో మొదట కనబడిన దవాఖాన ముందు ఆపాను. చిన్నది, నాలుగు మంచాలు. లోపల మంచం మీద పడేసి బయటికి పరుగెత్తాను, ఎందుకంటే నా ఆటో రోడ్డుకు అడ్డంగా ఉంది, వెనక బస్సువాడు హారన్ మీదనుంచి చెయ్యి తీయడం లేదు. వాడికి సమాధానం చెప్పి, బండి సందులో పెట్టి, తిరిగి వచ్చేసరికి కొంత సేపు పట్టింది. ఆ సేపట్లో లోపల ఏం జరిగిందో శివమ్మ తర్వాత పూస గుచ్చినట్టు చెప్పింది.

డాక్టరు ఆంధ్రా వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. "ఏమైందమ్మా?" అన్నాడు.

"పొద్దటిసంది మందు కొట్టిండు సారు" అంది శివమ్మ.

"పొద్దున్నుంచా? ఖాళీ కడుపు మీదా?"

"అవు సారు. పని అయినంకనే తింటనన్నడు."

"నీళ్లు కలుపుకున్నాడా లేదా?"

"కలపకుంటే ఎట్ల సారు. నేనే తెచ్చి పోసిన."

ఆ డాక్టరు ఆమెను ఎగాదిగా చూశాడట. "నువ్వే పోశావా. బాగుంది. రోజూ ఉందా ఇది?"

"నిన్న గూడ కొట్టిండు. రేపటితోని అయిపోతది."

"రేపటితో అయిపోవడం కాదమ్మా, ఇలాగైతే ఈ రోజుతోనే అయిపోతాడు" అని, కాంపౌండరుతో సెలైన్ పెట్టమని, మత్తు దిగాక ఇంటికి పంపించమని చెప్పి వేరే మంచం దగ్గరికి వెళ్లాడు. శివమ్మకు ఆయన చెప్పిందాంట్లో మత్తు అనే మాట అర్థమైంది. మందు వాసనకు మత్తు వచ్చిందేమో, డాక్టరుకు తెలియదా అనుకుంది.

నేను వచ్చేసరికి సెలైన్ చుక్కలు పడుతున్నాయి. డాక్టరు చూస్తున్నాడు కదా అని బెంచీ మీద కూర్చున్నాను. పావుగంట, అరగంట. కుర్మయ్య తొడలు, బుగ్గలు వాటంతటవే అదురుతున్నాయి. కాంపౌండరును పిలిచాను. వాడు తలుపు దగ్గరే నిలబడి, "పొద్దుపొద్దున్నే తాగితే అదరక ఏమైతది? దిగుతది తియ్యి" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచిన లేవడం మీకు చెప్పలేను. కుర్మయ్య కల్లు కూడా ముట్టడు. పెళ్లిళ్లలో కూడా గ్లాసు బోర్లించి కూర్చునే మనిషి. "తాగలేదురా, చేనుకు కొట్టిండు, చేనుకు. పత్తి చేనుకు మందు కొట్టిండు" అని అరిచాను. డాక్టరు వచ్చాడు. వచ్చి కుర్మయ్య కనురెప్ప ఎత్తి చూశాడు. అప్పటిదాకా చూడలేదన్నమాట. ఆయన ముఖం పాలిపోయింది.

"చేనుకు అని చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు శివమ్మతో.

"మందు కొట్టిండు అనే జెప్పిన గద సారు" అంది ఆమె. నిజమే, ఆమె ఇంకెలా చెప్పాలి? పుట్టినప్పటినుంచి వాళ్ల ఇంట్లో మందు కొట్టడం అంటే అదొక్కటే. నేను డాక్టరును అనాల్సినవీ అనకూడనివీ కలిపి అన్నాను. ఆయన, దీనికి విరుగుడు తన దగ్గర సరిపడా లేదని, మైలార్‌దేవ్‌పల్లి అవతల పెద్ద దవాఖాన ఉందని, వెంటనే తీసుకుపొమ్మని చెప్పి, ఉన్న ఒక్క ఇంజెక్షను ఇచ్చి పంపించాడు. నలభై నిమిషాలు పోయాయి.

బెంగళూరు రోడ్డు మీద ఆ రోజు నేను నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు. గగన్‌పహాడ్ దగ్గర ట్రాఫిక్ ఆపేశారు. ఎవరో పెద్దాయన విమానం ఎక్కడానికి వస్తున్నాడట. ముందు లారీ, పక్కన బస్సు, వెనక ఇంకో లారీ. వెనక సీట్లోంచి గురగురమని చప్పుడు వస్తోంది. కుర్మయ్య ఊపిరే ఆ చప్పుడు.

"తమ్మీ, చప్పుడు ఎక్కువైతున్నది" అంది శివమ్మ.

బండి దిగి కానిస్టేబులు దగ్గరికి పోయాను. అరిచాను. వాడూ అరిచాడు. ఇద్దరం అరుచుకుంటుంటే శివమ్మ దిగివచ్చి వాడి చెయ్యి పట్టుకొని ఆటో దాకా తీసుకెళ్లి లోపలికి చూపించింది, అంతే. వాడు అడ్డం పెట్టిన ఇనుప కంచె ఒకటి జరిపాడు. ఖాళీ రోడ్డు మీద ఆరాంఘర్ దాకా మా ఆటో ఒక్కటే పోయింది. ఎదురుగా ఆ పెద్దాయన కార్లు వస్తే గుద్దేసి అయినా పోదామనుకున్నాను. రాలేదు.

పెద్ద దవాఖానలో దిగగానే ఈసారి నేనే ముందు మాట్లాడాలని నిర్ణయించుకున్నాను. దారిలోనే మాటలు కూడబలుక్కున్నాను. కొట్టిండు అనకూడదు. "మేడమ్, పత్తి చేనులో మందు చల్లిండు. తాగలే. కల్లు గాదు, సారా గాదు" అన్నాను.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. "ఏ మందు?" అంది.

నేను నోరు తెరిచేలోపు శివమ్మ, "ఆకు మందు మేడం" అంది.

"ఆకు మందా? నాటు వైద్యమా? పసరు ఏమైనా పోశారా?"

చెప్పండి, ఎవరికి కోపం రాదు? తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఆకుతో చేసిన మందు కాదని, ఆకును రాల్చే మందని, పత్తి కోసమని, మిషను కోసమని మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఆమె వింటూనే కుర్మయ్య కంటిలో టార్చి వేసి చూసింది. నల్లగుడ్డు మధ్య చుక్క సూది మొనంత అయిపోయిందని పక్కనున్న నర్సుతో చెప్పింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది.

"ఇది పురుగుల మందు లక్షణమే. తాగాడా? ఇంట్లో ఏమైనా గొడవా? కేసు అవుతుందని దాచొద్దు, మాకు నిజం తెలిస్తేనే వైద్యం."

అప్పటికే ఒక కుర్రాడు ముక్కులోంచి కడుపులోకి వేయడానికి గొట్టం తెచ్చాడు. మొదటి చోట తాగుబోతును చేశారు, ఇక్కడ చావబోయినవాణ్ణి చేస్తున్నారు. "కడుపుల ఏం లేదు మేడమ్, వీపు చూడుండ్రి. వీపు నుంచి పోయింది" అని ఆ గదంతా వినబడేలా అన్నాను.

ఆ నర్సు పేరు నూరీన్. ఆమె కుర్మయ్యను పక్కకు దొర్లించి అంగీ పైకి లాగింది. వీపంతా ఎర్రగా, జిగటగా ఉంది. వాసన గుప్పుమంది. ఆమె ఇంక ఎవరి మాటా వినలేదు. చేతులకు పెద్ద తొడుగులు, ముందు ప్లాస్టిక్ గుడ్డ కట్టుకొని, అంగీ కత్తెరతో చీల్చి తీసేసింది. లుంగీ, మొలకు కట్టుకున్న తువ్వాల కూడా. సబ్బు నీళ్లు పోసి తల, మెడ, వీపు, గోళ్ల సందులు, రెండుసార్లు కడిగింది.

డాక్టరమ్మకు డబ్బా మీది పేరు కావాలి. నేను అరవింద్‌కు ఫోన్ చేశాను. ఎత్తగానే వాడన్న మొదటి మాట, "గ్లోవ్స్ ఇచ్చాం భయ్యా, ఫొటో ఉంది నా దగ్గర" అని. మనిషి ఎలా ఉన్నాడని కాదు. నేను ఫోన్‌లోకి అరవడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కొని పేరు చెప్పమంది. వాడు చదివాడు. ఆమె రాసుకొని, ఫోన్ నాకిస్తూ అంది, "ఆకు రాల్చేదైనా ఇది పురుగుల మందుల జాతిదే. మనిషి ఒంట్లోకి పోతే చేసేది అదే పని. తాగనక్కర్లేదు, చర్మానికి అంటితే చాలు."

విన్నావా అని అరవింద్‌ను అడిగాను. వాడు ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. పెద్ద సార్లకు చెప్పొద్దని బతిమాలుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. అదే సమయంలో నూరీన్ ఒక సంచి నా చేతిలో పెట్టి ఏదో చెప్పింది. అందులో కుర్మయ్య బట్టలు. ఒక చెవికి ఫోను, ఇంకో చెవికి ఆమె. సంచి, బయట అన్న రెండు మాటలు విన్నాను. అచ్ఛా అచ్ఛా అన్నాను. బయటికి వస్తే వసారాలో బెంచీ మీద శివమ్మ ఉంది.

"వదినా, ఇవి పట్టుకో" అని సంచి ఆమెకిచ్చి, గేటు దాకా పోయి, అరవింద్‌ను తనివితీరా తిట్టాను. ఫొటో తీసినవాణ్ణి, ఫొటో అయ్యాక విప్పమన్నవాణ్ణి, ఆ అరిగిన రబ్బరు మార్చనివాణ్ణి. కాటేదాన్ నుంచి వచ్చే లారీల మోతలో కూడా నా గొంతే పైన వినిపించింది.

ఆ తర్వాత మూడు గంటలు నేను ఒక్కచోట నిలబడలేదు. లోపలికి పోతే బయటికి పొమ్మన్నారు. బయటికి వస్తే మందుల చీటీ ఇచ్చారు. తెచ్చాను, ఇంకో చీటీ ఇచ్చారు. తలుపు అద్దంలోంచి చూస్తే ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఇంజెక్షను మీద ఇంజెక్షను వేస్తున్నారు. జకియా ఫోన్ చేస్తే ఆమె మీద కూడా విసుక్కున్నాను. శివమ్మ వైపు వెళ్లినప్పుడల్లా ఆమె తల వంచుకొని కూర్చుని ఉంది. ఏడుస్తుందని, ఏడవనీలే అని, పలకరించకుండా దాటిపోయాను. చచ్చిపోయాడు అన్న మాట నేను ఆమెకు చెప్పాల్సి వస్తుందేమోనని నాకు భయంగా ఉండింది. అందుకే దూరంగా తిరిగాను.

ఐదున్నరకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. "చొంగ ఆగి నోరు ఆరుతోంది, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది. గండం గడిచినట్టే అనుకుంటున్నా. రెండు మూడు రోజులు కనిపెట్టుకొని ఉండాలి" అంది. నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

పరుగెత్తుకుంటూ శివమ్మ దగ్గరికి పోయాను. "వదినా, బతికిండు. అన్న బతికిండు."

ఆమె తలెత్తి నవ్వింది. పెదవి చివరనుంచి చొంగ జారి గడ్డం మీదికి వచ్చింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నా జాకెట్టు చెమటకు తడిసి ఉంది.

"నువ్వేనా తమ్మీ? కండ్లు మసకమసక కొడుతున్నయి. కడుపుల దేవుతున్నది. పొద్దటిసంది ఏం తినక గావచ్చు" అంది.

ఒళ్లో సంచి ఉంది. మూతి విప్పి ఉంది. కుర్మయ్య అంగీ సంచిలో లేదు. రెండు చేతులతో గుండెకు అదుముకొని ఉంది, మూడు గంటలనుంచి దాంతోనే కళ్లు తుడుచుకుంటోంది.

నూరీన్ తలుపు తీసుకొని వచ్చి చూసింది. "యా అల్లా" అని ఒక్క అడుగులో దగ్గరికి వచ్చి ఆ అంగీ లాగి అవతల పడేసింది.

"మూతి కట్టి బయట దూరంగా పెట్టమన్నాను, ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దన్నాను. ఈమెకు ఎవరిచ్చారు?"

"నేనే" అన్నాను.

కడుపు కాదు, వీపు నుంచి పోయిందని అరిచిన మనిషిని నేను. డాక్టర్లకు, పోలీసుకు, అరవింద్‌కు పాఠం చెప్పినవాణ్ణి. నూరీన్ నన్ను తిట్టలేదు. శివమ్మను లేవదీసి లోపలికి తీసుకుపోతూ, "మీరు కూడా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి, ఆటో సీటు కూడా కడగండి" అంది. నేను కుళాయి దగ్గర నిలబడి సబ్బు అరిగేదాకా కడుక్కున్నాను.

ఇద్దరూ దక్కారు. శివమ్మ రెండు రోజుల్లో లేచి కూర్చుంది. కుర్మయ్య కళ్లు తెరిచినా చేతులు వణుకుతూనే ఉన్నాయి, గ్లాసు పట్టుకోలేడు. మూడో రోజు ఆయన నిద్రలో ఉండగా నేను ఆమె మంచం పక్కన కూర్చొని జరిగింది చెప్పాను. నర్సు నాకు చెప్పిందని, నేను వినలేదని, ఫోన్‌లో తిట్టే యావలో ఆ విషం తెచ్చి నీ ఒళ్లో పెట్టానని. నన్ను ఏమన్నా అను వదినా, పడతాను అన్నాను.

ఆమె కుర్మయ్య మంచం వైపు తిరిగింది.

"నువ్వు ఇయ్యకుంటే నేనే లోపలికి వొయ్యి అడిగి తెచ్చుకుందును తమ్మీ" అంది. "ఆయన లోపల, నేను బయట. ఏదన్న ఒకటి చేతుల ఉండాలె గదా."